‘పొద్దున్నే చూద్దాంలే’: కనకాలపేటలో వినకూడని సలహాలు

మా నాన్నకి ఎడమ చెయ్యి పట్టు తప్పింది ఒక రాత్రి తొమ్మిదింటికి. అన్నం ముద్ద నోటిదాకా వెళ్లకుండా కంచంలోనే జారిపోయింది. అమ్మ కేకేసేసరికి చుట్టుపక్కల నాలుగిళ్ల వాళ్లూ వచ్చేశారు. కనకాలపేటలో ఒకరికి కష్టమొస్తే వీధంతా కదులుతుంది. ఆ విషయంలో మా పేటని వేలెత్తి చూపడానికి లేదు. వచ్చినవాళ్లు తలా ఒక మాట చెప్పారు. "గ్యాసు పైకి తన్నుంటదండి, సోడా పట్టండి." "నరం పట్టేసింది పిన్నీ, నూనె వెచ్చచేసి రాయి." మా బాబాయి మంచం పట్టె మీద కూర్చుని, "ఈ రాత్రప్పుడు అన్నయ్యని ఎక్కడికని తిప్పుతాం, పొద్దున్నే చూద్దాంలే" అన్నాడు. ఆఖరికి ఒక ఆర్‌ఎంపీ వచ్చి ఇంజెక్షన్ చేసి వెళ్లాడు. నాన్న నిద్రపోయారు. మేమూ పడుకున్నాం. తెల్లారేసరికి ఎడమ కాలు కూడా పడిపోయింది, మాట ముద్దయిపోయింది.

ఆ రాత్రి డాక్టరు మాకు అందనంత దూరంలో లేడు. మా పేట యానాంలో ఉంది. చుట్టూ ఆంధ్రా ఉన్నా యానాం పుదుచ్చేరిది. యానాం అంతా కలిపి 30 చదరపు కిలోమీటర్లు. 2011 లెక్కల్లో జనాభా 55,626. మా పేట నుంచి ఊళ్లో ప్రభుత్వాసుపత్రికి ఆటోలో నిమిషాల పని. కాకినాడలోని ప్రభుత్వ పెద్దాసుపత్రి, జీజీహెచ్, సుమారు 30 కిలోమీటర్లు. పట్టణాల్లో 50 వేల మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలని 2013లో వచ్చిన జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ ఒక కొలత పెట్టింది. ఆ కొలతతో చూస్తే మాకు పెద్ద లోటు కనబడదు. కానీ రోగి మంచం దగ్గర్నుంచి డాక్టరు బల్ల దాకా వెళ్లాలంటే ముందు ఇంటి గుమ్మం దాటాలి. ఆ గుమ్మంలో మనవాళ్లే నిలబడి, మన మీద ప్రేమతోనే, తప్పు సలహా చెబుతారు. రోజుకూలీ చేసుకునే ఇంట్లో, కాగితాలు చదివిపెట్టే మనిషి లేని ఇంట్లో, ఆ మాటే చెల్లుతుంది.

ఇది జరిగి తొమ్మిదేళ్లు. అప్పట్నుంచి పేటలో ఎవరికి ఏమైనా ఆటోలో పక్కన కూర్చుని వెళ్లడం నాకు అలవాటైపోయింది. దారిలోనూ, ఆసుపత్రి వరండాలోనూ విన్న సలహాలు ఒక నోటుబుక్కులో రాసుకుంటూ వచ్చాను. ప్రాణం మీదికి తెచ్చేవీ, పేటకి మేలు చేద్దామని వచ్చేవాళ్లని దారి తప్పించేవీ ఏరి ఇక్కడ పెడుతున్నాను. వాటి బదులు ఏం చెయ్యాలో కూడా చెబుతాను.

‘పొద్దున్నే చూద్దాంలే’

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. మెదడులో రక్తనాళం గడ్డతో మూసుకుపోయి పక్షవాతం వచ్చినవాళ్లకి ఆ గడ్డని కరిగించే ఇంజెక్షన్ ఉంది. మొదటి లక్షణం కనబడ్డ నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. ఇచ్చేముందు సీటీ స్కాన్ తీసి, లోపల రక్తం కారడం లేదని చూసుకోవాలి. రక్తం కారుతున్న మనిషికి అదే మందు ప్రాణం తీస్తుంది. ఆటో దొరకడం, చీటీ రాయించడం, స్కాను, డాక్టరు చూడడం, అన్నీ ఆ నాలుగున్నర గంటల్లోనే అయిపోవాలి. మా నాన్న లెక్కలో ఆ గడువు రాత్రి ఒంటిగంటన్నర. ఆ టైముకి మేం నిద్రలో ఉన్నాం.

గుర్తుపట్టడానికి చదువు అక్కర్లేదు. నవ్వమనండి, మూతి ఒక పక్కకి పోతోందేమో చూడండి. రెండు చేతులూ ఎత్తి ఉంచమనండి, ఒకటి కిందికి జారుతోందేమో చూడండి. పేరు చెప్పమనండి, మాట తడబడుతోందేమో వినండి. ఒక్కటి కనబడినా బయలుదేరాలి. నోట్లో సోడా కాదుకదా, మంచినీళ్లు కూడా పొయ్యకూడదు. మింగలేని మనిషికి అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మనిషి ఆఖరిసారి మామూలుగా ఉన్న టైము ఏదైనా కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. డాక్టరు మొదట అడిగేది అదే.

పసరు మందు సంగతి కూడా చెప్పాలి. పసరు పోయించుకున్నాక మూడు నెలలకి చెయ్యి లేచినవాళ్లని చూపిస్తారు. అబద్ధం కాదు, లేచింది. దెబ్బతిన్న మెదడు మొదటి నెలల్లో తనంతట తాను కొంత కోలుకుంటుంది, చెయ్యి ఆడించే వ్యాయామాలు చేయిస్తే ఇంకొంత కోలుకుంటుంది. ఆ పేరు పసరుకి పోయింది. పసరు పోసినవాడి దగ్గరికే ముందు వెళ్లి ఆ నాలుగున్నర గంటలూ పోగొట్టుకున్నవాళ్ల గురించి ఎవరూ చెప్పరు.

గుండెనొప్పికి గ్యాసని పేరు పెట్టడం కూడా ఇలాంటిదే. ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టుండి, నొప్పి చేతికో దవడకో పాకి, చెమటలు పడుతుంటే అది గ్యాసో కాదో ఇంట్లో తేలదు. షుగరున్నవాళ్లకి, ఆడవాళ్లకి కొన్నిసార్లు నొప్పే ఉండదు. ఆయాసం, వాంతి, చెప్పలేని నీరసం మాత్రమే ఉంటాయి. ఈసీజీ తియ్యడానికి పది నిమిషాలు పట్టదు. గ్యాసేనని తేలితే నెమ్మదిగా ఇంటికి రావచ్చు.

108కి ఫోన్ చేసినప్పుడు నోట్లోంచి వచ్చే మొదటి మాట "యానాం, కనకాలపేట" అయ్యుండాలి. మా ఎస్‌టీడీ కోడ్ 0884, అది కాకినాడది. పిన్‌కోడ్ 533464, చుట్టూ ఉన్న ఆంధ్రా ఊళ్లలాగే. బండి నంబరు మాత్రం పీవై 04, పుదుచ్చేరిది. ఊరూ పేటా చెప్పకుండా "తొందరగా రండి" అని ఏడిస్తే, మేం ఏ రాష్ట్రం కిందికి వస్తామో తేల్చుకోవడానికే అవతలివాళ్లకి నిమిషాలు పోవచ్చు. ఊరు, పేట, దగ్గర్లో గుడో చర్చో బడో ఒక గుర్తు, అప్పుడు జబ్బు. ఈ వరస పిల్లలకి కూడా నేర్పండి.

‘ఒక సెలైన్ ఎక్కించేయండి, నీరసం పోద్ది’

అర లీటరు గ్లూకోజు సీసాలో, మామూలుగా ఎక్కించే 5 శాతం దాంట్లో, ఉండేది 25 గ్రాముల గ్లూకోజు. ఐదారు చెంచాల పంచదారంత. మామూలు సెలైన్ అర లీటరులో నాలుగున్నర గ్రాముల ఉప్పు, చెంచాకి కాస్త తక్కువ. నోటితో తాగగలిగిన మనిషికి దీనికోసం రక్తనాళంలో సూది దించాల్సిన పనిలేదు. విరేచనాలవుతుంటే ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు లీటరు నీళ్లలో కలిపి తాగించాలి. ప్యాకెట్టు లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా గుండుగా కాకుండా చదునుగా కొలిచి కలపాలి. ఉప్పు ఎక్కువైతే చంటిపిల్లలకి ప్రమాదం. పిల్లాడు మగతగా ఉన్నా, కళ్లు లోపలికి పోయినా, ఏమీ తాగలేకపోయినా, తాగింది తాగినట్టు కక్కేస్తున్నా అప్పుడు సెలైన్ కావాలి. అది ఆసుపత్రిలోనే ఎక్కించాలి.

గుండె బలహీనంగా ఉన్నవాళ్లకి, కిడ్నీలు పాడైనవాళ్లకి ఇంట్లో గబగబా రెండు సీసాలు ఎక్కిస్తే ఆ నీరు ఊపిరితిత్తుల్లో నిండుతుంది. సెలైన్‌తో పాటు వేసే ఇంజెక్షన్లలో స్టెరాయిడ్ ఉందంటే జ్వరం ఆ పూటకి దిగి, ఒళ్లు తేలికపడి, జబ్బు మాత్రం లోపల పెరుగుతుంది. ఒకరికి వాడిన సూది ఇంకొకరికి వాడితే కామెర్ల జబ్బులు, హెచ్‌ఐవీ అంటుకుంటాయి.

ఇంత చెప్పాక కూడా పేటలో జనం ఆర్‌ఎంపీ దగ్గరికే వెళతారు. ఎందుకో నాకు తెలుసు. వేటకెళ్లేవాడు, రొయ్యల చెరువు మీద కాపలా కాసేవాడు, తాపీపని చేసేవాడు ఆసుపత్రికి వెళ్లాలంటే ఆ రోజు కూలి వదులుకోవాలి. ఓపీ చూసే వేళా, పనికెళ్లే వేళా ఒకటే. ఆర్‌ఎంపీ రాత్రి ఎనిమిదింటికి ఇంటికొస్తాడు, డబ్బు శనివారం ఇమ్మంటాడు, "ఏం బాబాయ్, ఎలా ఉంది" అని మంచం మీద కూర్చుని అడుగుతాడు. ఆ మనిషిని తిట్టి ఊరుకుంటే ఆ ఖాళీ అలాగే ఉంటుంది. కాబట్టి వెళ్లేవాళ్లకి నేను చెప్పేది ఇంతే. వేసే మందు పేరు చీటీ మీద రాయమనండి. సూది ప్యాకెట్టు మీ కళ్లముందు చింపమనండి. ఎన్ని గంటల్లో తగ్గకపోతే పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లాలో ముందే అడగండి. మందు పేరు రాయనన్న మనిషి చేత సూది వేయించుకోకండి.

‘ఆంధ్రా కార్డు చేయించుకో, ఆరోగ్యశ్రీ వస్తుంది’

యానాంలో పుట్టినవాళ్లకే అర్థమయ్యే కష్టమిది. సుంకరపాలెం వైపు పొలిమేర దాటితే ఆంధ్రా. ఎదుర్లంక వంతెన దిగితే ఆంధ్రా. మాట ఒకటే, చుట్టాలు ఒకటే, సంతలు ఒకటే. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ, ఆంధ్రా కుటుంబాలకి. మా చేతిలో ఉండేది పుదుచ్చేరి ఎర్రకార్డో పసుపుకార్డో. మా రాజధాని సుమారు 870 కిలోమీటర్ల దూరం. తాళ్లరేవులో ఉన్న అక్కకి ఆపరేషన్ ఉచితంగా జరిగి, యానాంలో ఉన్న చెల్లికి జరగకపోతే, ఎవరో ఒకరు ఈ సలహా చెబుతారు: అక్క ఇంటి అడ్రసుతో కార్డు చేయించుకోమని.

వద్దు. రెండు చోట్ల రేషన్ కార్డు ఉంచుకోవడం తప్పు. ఆధార్ నంబరు కలిసిన రోజున బయటపడుతుంది. అప్పుడు ఇక్కడి కార్డు మీద వచ్చే పింఛనూ, మిగతావీ చిక్కులో పడతాయి. మంచం మీద రోగిని పెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగిన ఒక కుటుంబాన్ని నేను దగ్గర్నుంచి చూశాను.

మనకి ఉన్న దారి వేరు. 2018 సెప్టెంబరు 23న మొదలైన ఆయుష్మాన్ భారత్ కింద అర్హత ఉన్న కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి ఖర్చు వస్తుంది. పథకం అమల్లో ఉన్న ఏ రాష్ట్రంలోనైనా, జాబితాలో ఉన్న ఏ ఆసుపత్రిలోనైనా ఆ కార్డు చెల్లుతుంది. పుదుచ్చేరి కార్డు కాబట్టి పుదుచ్చేరికే పోవాలని లేదు. 2024 అక్టోబరు 29 నుంచి 70 ఏళ్లు నిండినవాళ్లందరికీ, ఆదాయంతో పనిలేకుండా, విడిగా కార్డు ఇస్తున్నారు. మా పేటలో ఈ వయసువాళ్లు చాలామంది తమకి ఈ హక్కు వచ్చిందని తెలియకుండానే ఉన్నారు. వాకబు చెయ్యాల్సిన ఫోన్ నంబరు 14555.

రెండు సంగతులు ముందే తెలుసుకోండి. ఈ పథకం ఆసుపత్రిలో చేరినవాళ్లకి. ఓపీకి వెళ్లి చూపించుకుని, మందులు కొనుక్కుంటే ఆ డబ్బు రాదు. కాకినాడలో ఏదో ఒక ఆసుపత్రికి వెళ్లిపోయి, చేరాక కార్డు తీస్తే లాభం ఉండదు. ఆ ఆసుపత్రి జాబితాలో ఉందా, మన జబ్బుకి ఉందా అని ఫోన్ చేసి కనుక్కుని వెళ్లాలి.

ఇది తీరిగ్గా చేయించుకునే ఆపరేషన్ల మాట. ప్రాణాపాయంలో ఉన్నప్పుడు కార్డు కోసం ఇల్లంతా వెతుకుతూ కూర్చోకండి. ప్రాణం కాపాడాల్సిన పరిస్థితిలో ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ముందు వైద్యం చెయ్యాల్సిందేనని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కార్డు వెనకాల ఎవరో ఒకరు తెస్తారు.

‘పురుడు పుట్టింటివాళ్లు చూసుకుంటారులే’

మా పేట కోడళ్లలో చాలామంది పుట్టిళ్లు ఆంధ్రాలో. మా ఆడపిల్లల అత్తిళ్లూ అంతే. ఏడో నెలలో పసుపు కుంకుమ పెట్టి పంపించేస్తారు. అక్కడికి వెళ్లాక చూపించుకుంటుందిలే అని ఇక్కడివాళ్లు, అత్తారింట్లో అన్నీ చూపించే ఉంటారని అక్కడివాళ్లు. మధ్యలో ఆ పిల్ల రక్తం ఎంతుందో, బీపీ ఎంతుందో చూసినవాళ్లు ఉండరు. ఒక రాష్ట్రంలో నమోదైన పేరు ఇంకో రాష్ట్రం నర్సు పుస్తకంలో ఉండదు. పొలిమేర దాటితే గర్భిణి లెక్కలోంచి జారిపోతుంది.

మూడో నెల లోపే పేరు రాయించుకుని, తల్లీబిడ్డల కార్డు తీసుకోవాలి. ఆ కార్డు చీరల పెట్టెలో దాచేది కాదు. బస్సెక్కేటప్పుడు చేతిసంచిలో ఉండాలి. రక్తం గ్రూపు, రక్తశాతం, బీపీ, వేసిన ధనుర్వాతం ఇంజెక్షన్లు, తీసిన స్కానింగులు అన్నీ అందులో రాయించాలి. పుట్టింటికి చేరిన వారంలోనే అక్కడి ఏఎన్‌ఎమ్‌కి చూపించాలి. ప్రతి నెలా 9వ తారీఖున ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకి ప్రత్యేకంగా పరీక్షలు చేసే కార్యక్రమం 2016 నుంచి దేశమంతా ఉంది. కూలికి వెళ్లే పిల్లయితే ఆ ఒక్క రోజు మానిపించండి. కాళ్లవాపు మామూలేనని పెద్దవాళ్లు అంటారు. వాపుతో పాటు తలనొప్పి, కళ్లు మసకలు, పొట్ట పైభాగంలో నొప్పి ఉంటే మామూలు కాదు. బీపీ పెరిగి ఫిట్స్ రావచ్చని అర్థం. ఆ క్షణమే తీసుకెళ్లాలి.

డబ్బవుతుందని భయపడి ఆఖరి నొప్పుల దాకా ఇంట్లో ఉంచేవాళ్లు ఇంకా ఉన్నారు. 2011 జూన్ 1 నుంచి ప్రభుత్వాసుపత్రిలో కాన్పుకి, సిజేరియన్‌తో సహా, డబ్బు తీసుకోకూడదు. మందులు, పరీక్షలు, రక్తం, అక్కడున్నన్నాళ్లు భోజనం, ఇంటి నుంచి తీసుకెళ్లడం, పెద్దాసుపత్రికి పంపడం, మళ్లీ ఇంటి దగ్గర దింపడం అన్నీ ఉచితం. బిడ్డకి ఏడాది వచ్చేదాకా జబ్బు చేస్తే అదీ ఉచితమే. ఈ పథకం పేరు జననీ శిశు సురక్షా కార్యక్రమం. ఎవరైనా డబ్బడిగితే ఆ పేరు పలకండి.

జులై, ఆగస్టుల్లో నెలలు నిండే గర్భిణులుంటే ఇంకో జాగ్రత్త. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చిన గోదారిని మా పెద్దవాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు యానాం వీధుల్లోకి నీళ్లొచ్చేశాయి. "నీళ్లొచ్చినప్పుడు చూద్దాం" అనేవాళ్ల మాట వినకండి. ధవళేశ్వరంలో రెండో హెచ్చరిక ఎగరేశారని వినగానే నిండు గర్భిణిని, డయాలసిస్ చేయించుకునేవాళ్లని, ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లని ఆసుపత్రి దగ్గరున్న చుట్టాలింటికి చేర్చండి.

‘కాటు దగ్గర కట్టు కట్టు, సున్నం పెట్టు’

పాము కరిస్తే తాడుతో బిగించి కట్టొద్దు, బ్లేడుతో కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు, మంత్రానికి వెళ్లొద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా కర్రబద్ద పెట్టి, మనిషిని నడిపించకుండా తీసుకెళ్లాలి. కట్లపాము నిద్రలో కరిస్తే నొప్పీ వాపూ పెద్దగా ఉండవు. తెల్లారి కడుపునొప్పి అంటాడు, కనురెప్పలు వాలతాయి, తర్వాత ఊపిరి ఆగుతుంది. కింద పడుకున్న పిల్లాడు కారణం లేకుండా అలా అయితే పాము అనుకునే బయలుదేరండి. పామును పట్టుకురానక్కర్లేదు.

కుక్క కరిస్తే కారం, సున్నం, పసుపు ఏవీ పెట్టొద్దు. కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు, గడియారం చూసుకుని కడగండి. ఆ కడగడమే సగం వైద్యం. టీకా ఆ రోజే మొదలవ్వాలి. చర్మంలో వేసే టీకాకి 0, 3, 7, 28 రోజులు. గాయం లోతుగా ఉంటే దాంతోపాటు గాయంలోనే వేసే ఇంకో ఇంజెక్షన్ ఉందేమో అడిగి వేయించుకోండి. కుక్క బతికుందో చచ్చిందో పది రోజులు చూసి వెళదాం అనేవాళ్ల మాట వినొద్దు. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక బతికించే మందు లేదు.

‘తెలీకుండా కూరలో ఈ పొడి కలిపెయ్’

యానాంలో తాగే మందు చవక. దానికోసం ఆంధ్రా నుంచి వచ్చేవాళ్లు సాయంత్రానికి వెళ్లిపోతారు, మా ఇళ్లల్లో తాగేవాళ్లు ఇక్కడే ఉంటారు. భార్యలు పడే బాధ చూసి ఎవరో ఒక పొడి చెబుతారు. ఇలాంటి పొడుల్లో డైసల్ఫిరామ్ ఉంటే, ఆ సంగతి తెలియని మనిషి తాగినప్పుడు గుండె దడ, బీపీ పడిపోవడం, కొన్నిసార్లు ప్రాణమే పోవడం జరుగుతుంది. అది డాక్టరు, రోగికి చెప్పి, ఒప్పించి, పరీక్షలు చేసి ఇచ్చే మందు. "గదిలో పెట్టి తాళం వేసి ఒక్కసారిగా మాన్పించెయ్" అన్నది కూడా ప్రమాదమైన సలహానే. ఏళ్లతరబడి రోజూ తాగిన మనిషి ఉన్నట్టుండి మానేస్తే ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. మూడో రోజుకి మతి తప్పి లేనివి కనబడొచ్చు. ఆసుపత్రిలో ఉంచే మాన్పించాలి. ఉచిత ఫోన్ 14446. ఈ మాట చెప్పడానికి మన ఆడవాళ్లు సిగ్గుపడతారు. అక్కా, తప్పు మీది కాదు, ఫోన్ చెయ్యండి.

‘ఒక మెడికల్ క్యాంపు పెట్టించండి, పుణ్యం వస్తుంది’

ఇది పేట బాగు కోరే యువకులకీ, సంఘాలకీ, డబ్బున్న పెద్దలకీ చెప్పే సలహా. మనసు మంచిదే. ఆదివారం షామియానా వేస్తారు, రెండొందల మందికి బీపీ, షుగరు చూస్తారు, పది రోజులకి బిళ్లలు ఇస్తారు, ఫొటో దిగుతారు. పదకొండో రోజున ఆ బిళ్ల అయిపోతుంది. బీపీ, షుగరు జీవితాంతం ఉండే జబ్బులు. పది రోజులు వేసుకుని, తల తిరగడం తగ్గిందని మానేసినవాళ్లు నాకు తెలిసినవాళ్లలో ఎంతమందో. "తగ్గింది కదా, బిళ్ల ఆపెయ్" అని చెప్పే పక్కింటి సలహా కూడా అప్పుడే తోడవుతుంది. బిళ్ల వల్లే తగ్గిందని, ఆపితే మళ్లీ పెరుగుతుందని ఆ షామియానా కింద చెప్పే తీరిక ఎవరికీ ఉండదు.

అదే డబ్బుతో పేటలో ఏడాదంతా నిలిచే పని చేయొచ్చు. బీపీ మిషను ఒకటి, షుగరు మిషను ఒకటి కొని, పదో తరగతి చదివిన ఇద్దరు అమ్మాయిలకి నర్సు చేత నేర్పించండి. వీధికో నోటుబుక్కు పెట్టండి. అందులో పేరు, పోయిన నెల అంకె, ఈ నెల అంకె, మందు ఎప్పటికి అయిపోతుంది అన్న నాలుగు గడులు చాలు. మందు అయిపోయే వారం ముందు ఆ ఇంటి తలుపు తట్టాలి. ఇంకొంచెం డబ్బుంటే ఆటో నిధి పెట్టండి. రాత్రి పదింటి తర్వాత రోగిని ఎక్కించుకుంటే ఆటోవాడికి సంఘం డబ్బిస్తుందని తెలిస్తే, "డబ్బుల్లేవు, పొద్దున్నే చూద్దాం" అనే మాట సగం తగ్గుతుంది. చదువు వచ్చిన ఒక మనిషి కాకినాడ దాకా తోడు వెళ్లి, చీటీ ఎక్కడ, స్కాన్ ఎక్కడ అని చూపిస్తే, మెషిన్లు దానం చేసినదానికంటే ఎక్కువ ఉపకారం. నడిపేవాడు లేక దుమ్ము కొట్టుకుపోయిన దానపు మెషిన్లని నేను ఒకటికి మించి చూశాను.

‘జిప్‌మర్ వచ్చేసింది కదా, ఇంకేం కావాలి’

2024 ఫిబ్రవరి 25న యానాంలో, పుదుచ్చేరిలోని పెద్ద వైద్య సంస్థ జిప్‌మర్ వాళ్ల 90 పడకల మల్టీ స్పెషాలిటీ కన్సల్టింగ్ యూనిట్‌ని ప్రధాని ప్రారంభించారు. రాజధాని దాకా వెళ్లాల్సిన వైద్యం ఊళ్లోకి రావడం చిన్న సంగతి కాదు. కానీ పెద్దాసుపత్రి చూసేది పెద్ద జబ్బుని. బీపీ పెరిగినప్పుడే చూసుకుంటే పక్షవాతం దాకా రాదు, ఆ బీపీ చూడాల్సింది పేటలోనే. దగ్గు రెండు వారాలు దాటితే కఫం పరీక్ష చేయించమని చెప్పాల్సింది పేటలోనే. టీబీ మందు కనీసం ఆరు నెలలు మానకుండా మింగించాల్సిందీ ఇక్కడే. 2024 నవంబరు నుంచి టీబీ రోగికి పోషణ కోసం నెలకి 1,000 రూపాయలు ఇస్తున్నారని చెప్పాల్సిందీ ఇక్కడే. ఏ స్పెషలిస్టు ఏ రోజు చూస్తారో కనుక్కోకుండా వెళ్లి, కూలి పోగొట్టుకుని, ఇక ఆ గడప తొక్కనని ఒట్టేసుకున్నవాళ్లు ఉంటారు. వెళ్లేముందు రోజూ వేళా కనుక్కోండి. పాత చీటీలు, స్కానులు, వేసుకునే బిళ్లల అట్టలు ఒకే సంచిలో పెట్టి తీసుకెళ్లండి.

‘మన మాట ఎవరు వింటారు’

పుదుచ్చేరి శాసనసభలో ఎన్నికయ్యే సీట్లు 30, అందులో యానాం ఒకటి. 2011 లెక్కన 55 వేల మందికి ఒక ఎమ్మెల్యే. ఆంధ్రాలో 175 సీట్లు, సగటున ఒక్కో ఎమ్మెల్యేకి 2 లక్షల 80 వేల మంది. పరిపాలనాధికారి కార్యాలయం ఊళ్లోనే ఉంది. మన మాట వినిపించడానికి ఇంతకంటే దగ్గర దారి చుట్టుపక్కల ఏ ఊరికీ లేదు.

అడగడంలోనే పొరపాటు జరుగుతోంది. "మా పేటలో వైద్యం మెరుగుపరచండి" అని రాస్తే ఆ అర్జీకి ఏం చెయ్యాలో ఎవరికీ తెలియదు. వారానికి రెండు రోజులు సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ఓపీ కావాలని రాయండి. బీపీ, షుగరు మందులు ఒక్కసారే నెలకి సరిపడా పేటలోనే ఇమ్మనండి. రెఫరల్ కాగితాలు, ఆయుష్మాన్ కార్డు చూసిపెట్టడానికి ఒక బల్ల, ఒక మనిషి కావాలని రాయండి. కింద కూలికెళ్లేవాళ్ల సంతకాలు, వేలిముద్రలు పెట్టించండి. నెల రోజుల్లో కదలిక లేకపోతే సమాచార హక్కు కింద 10 రూపాయల ఫీజుతో ఒక ప్రశ్న వెయ్యండి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకి ఆ ఫీజు కూడా లేదు. మన పేటకి మంజూరైన నర్సు పోస్టులెన్ని, నిండినవెన్ని, పోయిన ఏడాది బీపీ మందు నిల్వ లేని రోజులెన్ని అని అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ జవాబు పట్టుకుని మళ్లీ వెళ్లండి.

మా నాన్న ఇప్పుడు కర్ర సాయంతో వరండా దాకా వస్తారు. ఎడమ చెయ్యి లేవదు. ఆ రాత్రి మా ఇంటికొచ్చినవాళ్ల మీద నాకు కోపం లేదు, వాళ్లు మళ్లీ పిలిచినా వస్తారు. మీ పక్కింట్లోంచి అలాంటి కేక వినబడితే మీరూ పరిగెత్తుకెళ్లండి. వెళ్లి, గడియారం చూసి టైము రాసి, ఆటో పిలవండి.